మార్లవాయి నుంచి మాలవ్యా దాకా: పంతుళ్ళ శిక్షణ ఎవరి కోసం?

యూనివర్సిటీ ప్రొఫెసర్లకు, డిగ్రీ కాలేజీ లెక్చరర్లకు సర్కారు కంప్యూటర్ పాఠాలు నేర్పిస్తున్నది. స్లైడులు ఎట్ల తయారు చెయ్యాలె, వీడియో పాఠం ఎట్ల రికార్డు చెయ్యాలె, సెల్‌ఫోన్ మీద పరీక్ష ఎట్ల పెట్టాలె, కృత్రిమ మేధను క్లాసులో ఎట్ల వాడాలె – ఇప్పుడు పంతుళ్ళు చదువుతున్న చదువులివి. మంచిదే. వద్దనేటోళ్ళం మనం కాదు.

కానీ ఉట్నూర్ ఏజెన్సీలోనో, ఆదిలాబాద్ దళితవాడలోనో పుట్టి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లల వైపు నిలబడి చూస్తే నాలుగు ప్రశ్నలు వస్తాయి. ఈ శిక్షణ ఎవరికి? ఎక్కడ? ఏ భాషలో? అన్నిటికన్నా ముందు – ఎవరి కోసం? ఈ నాలుగింటికీ జవాబు లేకుండా ఎన్ని కోట్లు పెట్టి ఎన్ని కోర్సులు నడిపినా శిక్షణ పంతుళ్ళకు, శిక్ష మన పిల్లలకు. ఇదీ అసలు సంగతి.

పేర్లు మారినయి, తీరు మారిందా?

కాలేజీ పంతుళ్ళకు శిక్షణ కొత్తగా వచ్చింది కాదు. 1986 జాతీయ విద్యా విధానం తరవాత 1987లో యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. మన దగ్గర ఉస్మానియాలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అవి నడిచాయి. ఓరియెంటేషన్ కోర్సు, రిఫ్రెషర్ కోర్సు అని రెండు రకాలు. 2015లో వాటి పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు అయింది. 2023లో మళ్ళీ మార్చి మాలవ్యా మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు అన్నారు. మధ్యలో 2017లో ‘స్వయం’ అనే ఆన్‌లైన్ వేదిక వచ్చింది. 2018లో దాని మీదనే పంతుళ్ళ రిఫ్రెషర్ కోర్సులు ‘అర్పిత్’ పేరుతో మొదలుపెట్టారు.

ఈ కోర్సులకు, ప్రమోషన్‌కు ముడిపెట్టారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ పై మెట్టు ఎక్కాలంటే ఇన్ని కోర్సుల సర్టిఫికెట్లు చూపించాలె. ముడిపెట్టకపోతే ఎవరు పోతారు అని అడగవచ్చు. నిజమే. కానీ ముడి పడ్డ కాడ ఏమైంది? పంతులు కోర్సుకు పోయేది సర్టిఫికెట్ కోసం. సర్టిఫికెట్ ఇచ్చేది హాజరు చూసి, ఒక చిన్న పరీక్ష చూసి. తిరిగొచ్చినంక ఆయన క్లాసులో వెనక బెంచీ పిల్ల ఏం నేర్చుకున్నదని ఎవరూ అడగరు. కోర్సు ముగిసినప్పుడు అభిప్రాయం రాయమనేది పంతులును. ఆ పంతులు దగ్గర చదివే పిల్లను కాదు.

ఇప్పటి మాలవ్యా మిషన్‌లో ఎనిమిది అంశాలు పెట్టారు. భారతీయ జ్ఞాన వ్యవస్థలు ఒకటి. సమాచార సాంకేతికత ఇంకొకటి. విద్యార్థుల వైవిధ్యం, అందర్నీ కలుపుకునే విద్య అనేది మరొకటి. కాగితం మీద అన్నీ వున్నాయి, కాదనం. అయితే సాంకేతికత ఒక అంశం, పిల్లలెవరు అన్నది వేరే అంశం. యంత్రం గురించి చెప్పేటప్పుడు కులం మాట రాదు. కులం గురించి చెప్పేటప్పుడు యంత్రం మాట రాదు. హోటళ్ళల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసిన జాతి మనది. మనకు ఈ రెండు గ్లాసులు కూడా కనబడతాయి.

పేరు గురించి కూడా ఒక మాట. 1932 సెప్టెంబర్ 24న పూనా ఒడంబడిక మీద సవర్ణ హిందువుల తరఫున సంతకం పెట్టినోళ్ళల్లో మదన్ మోహన్ మాలవ్యా ఒకరు. అంటరాని కులాలకు దక్కిన ప్రత్యేక నియోజకవర్గాలు ఆ ఒడంబడికతో పోయాయి. ఈ దేశంలో పంతుళ్ళకు శిక్షణ అనగానే గుర్తు రావాల్సిన పేరు సావిత్రిబాయి ఫూలేది. పంతులమ్మగా తాను శిక్షణ తీసుకుని, ఊరు పెంటా బురదా విసురుతుంటే ఆడపిల్లలకు అక్షరం నేర్పిన మనిషి ఆమె. ఆమె పేరు ఎందుకు తట్టలేదో మనకు తెలుసు. పేరు పెట్టేటోళ్ళు ఎవరో పేరే చెబుతుంది.

యంత్రం మీద మనకు పగ లేదు

కొందరు పెద్దమనుషులు ‘గురువు ఎదురుగా కూర్చుని నేర్చుకునే చదువే చదువు, ఈ యంత్రాలతో గురుశిష్య సంబంధం చెడిపోతున్నది’ అని కన్నీళ్ళు పెడుతున్నారు. ఆ కన్నీళ్ళల్లో మన వాటా లేదు. గురువు ఎదురుగా కూర్చునే హక్కు మనకు ఎన్నడున్నది? వింటే చెవుల్లో సీసం పొయ్యమన్న చదువది. ఏకలవ్యుడు బొమ్మను పెట్టుకుని నేర్చుకున్నాడు. అంటే గురువు లేకుండా దూరవిద్య చదివిన మొదటి విద్యార్థి మనోడే. నేర్చుకున్నంక బొటనవేలు అడిగింది ఎదురుగా వచ్చిన గురువు, బొమ్మ కాదు.

అచ్చు యంత్రం వచ్చింది కాబట్టి తాళపత్రాల మీద పెత్తనం పోయింది. కరపత్రం, క్యాసెట్టు, పాటల పుస్తకం లేకపోతే మన ఉద్యమం వాడవాడకూ పోయేదా? ఇవాళ సెల్‌ఫోన్ కూడా అంతే. యంత్రానికి మైల పడదు. మాదిగ పిల్ల ముట్టుకున్నా, బాపనాయన ముట్టుకున్నా మీట ఒక్కతీరే పనిచేస్తుంది.

సరిగ్గా వాడితే మన పిల్లలకు దీనితో ఎంత మేలో చూడండి. ఆదిలాబాద్ జిల్లా పత్తి జిల్లా. పత్తి ఏరే రోజుల్లో డిగ్రీ పిల్లలు క్లాసు ఎగ్గొట్టి కూలికి పోతారు. అది సోమరితనం కాదు, ఇంటి అవసరం. పోయిన పాఠం రికార్డయి చేతిలో వుంటే రాత్రి వినవచ్చు. అర్థం కాకపోతే రెండోసారి, మూడోసారి వినవచ్చు. రెండోసారి అడిగితే విసుక్కునే పంతులు వుంటాడు గాని, విసుక్కునే రికార్డు వుండదు.

ఇంకొకటి. క్లాసులో లేచి నిలబడి ప్రశ్న అడగాలంటే మన పిల్లలకు గొంతు పెగలదు. ఇంగ్లీషు తప్పు పోతుందేమో, యాస విని నవ్వుతారేమో, ‘రిజర్వేషన్‌లో వచ్చినవా’ అంటారేమో. అదే, పేరు కనబడకుండా సెల్‌లో ప్రశ్న రాసి పంపే ఏర్పాటు చేస్తే? ప్రశ్న వస్తుంది, కులం రాదు. ఆ ఏర్పాటు చెయ్యడానికి పెద్ద ఖర్చు లేదు. దానికి కావాల్సింది, వెనక బెంచీ వాళ్ళు ఎందుకు మాట్లాడటం లేదని ఆలోచించే పంతులు. ఆ ఆలోచన నేర్పేదే శిక్షణ. ఏ మీట ఎక్కడున్నదో చెప్పేది శిక్షణ కాదు, ఆ యంత్రంతో వచ్చే పుస్తకంలోనే అది రాసి వుంటుంది.

మీట వచ్చింది, మాట మారలేదు

2021 ఏప్రిల్‌లో ఐఐటి ఖరగ్‌పూర్‌లో ఏం జరిగింది? ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థుల కోసం అక్కడ ఒక సంవత్సరం ప్రిపరేటరీ కోర్సు వుంది. ఆ పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు పాఠం చెప్పే ప్రొఫెసర్ ఒకరు తెర మీదనే వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టారు. మీ దిక్కున్న చోట చెప్పుకోండి అన్నట్టు మాట్లాడారు. ఆ వీడియో బయటికొచ్చి దేశమంతా చూసింది. గోల గోల అయినంక సస్పెండ్ చేశారు.

అక్కడ లేనిదేమిటి? కంప్యూటర్ వున్నది, నెట్టు వున్నది, మైకు పనిచేసింది, కెమెరా పనిచేసింది. దేశంలో అంతకన్నా సాంకేతిక జ్ఞానం వున్న సంస్థలు ఎన్ని వున్నాయి? పంతులుకు మీట వచ్చు, మాట రాలేదు. ఇక్కడ రెండు పాఠాలున్నాయి. యంత్రం వచ్చినంత మాత్రాన కులం పోదన్నది ఒకటి. నాలుగు గోడల మధ్య తరతరాలుగా సాక్ష్యం లేకుండా జరిగినదానికి అదే యంత్రం సాక్ష్యం చెప్పిందన్నది రెండోది. పంతుళ్ళ శిక్షణలో ఆ వీడియోనే మొదటి పాఠంగా పెట్టాలె. ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ముందు అది చూపించాలె.

తెర మీది కులం తిట్ల రూపంలోనే వుంటుందని కాదు. సన్నగా, మర్యాదగా కూడా వుంటుంది. ‘కెమెరా ఆన్ చెయ్యి, లేకపోతే హాజరు లేదు’ అంటారు. ఒక్క అర్ర ఇంట్లో, వెనకాల తాత మంచంల పడుకుని వుంటే, అమ్మ పొయ్యి కాడ వుంటే ఆ పిల్ల కెమెరా ఎట్ల ఆన్ చేస్తుంది? అందరికీ తన ఇల్లు చూపించడమే పాఠం వినడానికి రుసుమా? స్కాలర్‌షిప్ లిస్టును కులం గడితో సహా వాట్సాప్ గ్రూపులో వేసే అలవాటు కాలేజీల్లో వున్నది. నోటీసు బోర్డు మీద అంటిస్తే పదిమంది చూసేవాళ్ళు. గ్రూపులో వేస్తే అది పిల్లల జేబుల్లో జీవితాంతం వుంటుంది. ఇది తప్పని పంతులుకు ఎవరన్నా చెప్పారా? ఏ కోర్సులో చెప్పారు?

2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డప్పుడు ఈ లోకం తీరు మొత్తం బయటపడింది. ‘ఇకనుంచి చదువంతా ఆన్‌లైన్’ అన్నారు. 2017–18లో జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం దేశంలో పల్లెటూళ్ళ ఇళ్ళల్లో నూటికి 4.4 ఇళ్ళకే కంప్యూటర్ వున్నది. నెట్టు సదుపాయం వున్నవి నూటికి 14.9. ఇది అన్ని కులాల పల్లెల సగటు. వాడను, గూడేన్ని విడిగా లెక్కపెడితే ఎంత తేలుతుందో ఉట్నూర్ రోడ్డు మీద నడిచే ఎవరికైనా తెలుసు. సిగ్నల్ కోసం పిల్లలు గుట్టలెక్కిన కాలమది. అటువైపు పంతులు గంటసేపు వీడియోలో స్లైడు చదివేవాడు. ఇటువైపు ఆ గంటలో పిల్ల రోజు డాటా ఒడిసిపోయేది. అదే పాఠాన్ని పది నిమిషాల తెలుగు ఆడియోగా చేసి పంపితే సగం బాధ తీరేది. ఆ పని ఏ పంతులు చేతనైనా అవుతుంది. చెయ్యాలని తోచకపోవడానికి కారణం, ఆయన శిక్షణలో ఆ పిల్ల ఎన్నడూ లేదు.

బాసర చెప్పిన పాఠం

ఇంతకన్నా పెద్ద పాఠం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే వున్నది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టి బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో క్యాంపస్‌లు తెరిచారు. పల్లెటూరి సర్కారు బడుల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లల్ని తీసుకుని ఆరేళ్ళు చదివించే యూనివర్సిటీ అది. మన పిల్లలు, బీసీ పిల్లలు, పేద పిల్లలు అందులోకి పోయారు. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. నిపుణుల పాఠాలు ల్యాప్‌టాప్‌లో చూసుకోవడం, పక్కన వుండి అర్థం చేయించడానికి మెంటార్లు – ఇదీ పద్ధతి. దేశంలో సాంకేతికతతో పాఠం చెప్పడానికి ఇంత పెద్ద ప్రయోగం పేద పిల్లల కోసం జరగడం గొప్ప విషయమే.

మరి పద్నాలుగేళ్ళకు ఏమైంది? 2022 జూన్‌లో వేలమంది పిల్లలు వారం రోజులు క్యాంపస్ గేటు కాడ బైఠాయించారు. ఏమడిగారు? రెగ్యులర్ వైస్ చాన్సలర్ కావాలె, చాలినంతమంది టీచర్లు కావాలె, ల్యాప్‌టాప్‌లు కావాలె, మంచి తిండి కావాలె. సాంకేతిక విశ్వవిద్యాలయంలో పిల్లలు ల్యాప్‌టాప్ కోసం, పంతులు కోసం ధర్నా చెయ్యాల్సి వచ్చింది.

ఆ పిల్లల కోరికల్లో ఒక తెలివి వున్నది, గమనించండి. పంతులు వద్దు, యంత్రం చాలు అనలేదు. యంత్రం వద్దు, పంతులు చాలు అని కూడా అనలేదు. రెండూ అడిగారు. పాలకులు మాత్రం ఎప్పుడూ ఒకటి చూపించి రెండోది ఎగ్గొడతారు. కంప్యూటర్ ఇచ్చినం గదా, పోస్టులెందుకు అంటారు. పెద్దకులాల పిల్లలకు పంతులూ, యంత్రమూ రెండూ వుంటాయి. మన పిల్లలకు వీడియో చాలునట. ఇది కూడా ఒక రకం వర్ణ వ్యవస్థే.

మార్లవాయిలో ఏం చేశారు?

‘ఇన్ని తప్పులు పడుతున్నరు, మరి ఎట్ల చెయ్యమంటరు?’ అని అడుగుతారు. జవాబు కోసం ఢిల్లీ దాకా, అమెరికా దాకా పోనక్కరలేదు. ఉట్నూర్ నుంచి జైనూర్ దిక్కు పోతే మార్లవాయి వస్తుంది.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను నిజాం పోలీసులు కాల్చి చంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త వచ్చి మార్లవాయిలో గోండుల మధ్యనే కాపురం పెట్టాడు. 1943లో అక్కడ గోండు పంతుళ్ళ శిక్షణ కేంద్రం మొదలైంది. బయటనుంచి పంతుళ్ళను తెచ్చి గూడేల మీద రుద్దలేదు. నాలుగక్షరాలు వచ్చిన గోండు యువకుల్నే ఎంచుకున్నారు. వాళ్ళ గూడెంలోనే శిక్షణ ఇచ్చారు. గోండి భాషలో వాచకాలు తయారు చేసి దేవనాగరి లిపిలో అచ్చు వేయించారు. అక్కడ తయారైనోళ్ళు తమ గూడేలకు పోయి తమ పిల్లలకు తమ భాషలో చదువు చెప్పారు.

పైన మనం వేసిన నాలుగు ప్రశ్నలకూ మార్లవాయి జవాబు చెప్పింది. ఎవరికి? ఆ జాతి మనుషులకే. ఎక్కడ? ఆ గూడెంలోనే. ఏ భాషలో? ఆ పిల్లల భాషలో. ఎవరి కోసం? ఆ పిల్లల కోసం. ఎనభై ఏళ్ళ కింద, కరెంటు కూడా లేని అడవిలో తెలిసిన సంగతి ఇవాళ ఇన్ని కంప్యూటర్ల మధ్య మరిచిపోయారు. మార్లవాయి ఎవరి దయతోనూ రాలేదన్నది కూడా మరవద్దు. అది భీం నెత్తురుతో వచ్చింది. నిజాం రాజ్యం పోయినంక వచ్చిన ప్రభుత్వాలు ఆ గోండి చదువును నిలబెట్టలేదు.

మహాత్మా జోతిరావు ఫూలే 1882లోనే హంటర్ కమిషన్‌కు ఈ మాట రాసిచ్చాడు. బడి పంతుళ్ళంతా దాదాపు బ్రాహ్మలే వున్నారని, వాళ్ళు శూద్రుల పిల్లలతో కలవరని, వ్యవసాయం చేసే కులాల నుంచే మనుషుల్ని తీసుకుని సరైన శిక్షణ ఇచ్చి పంతుళ్ళను చెయ్యాలని ఆయన వాదన. నాగలి పట్టడం, ఉలి పట్టడం తెలిసినవాడు పంతులైతేనే కష్టజీవుల పిల్లలకు చదువు అంటుతుందని చెప్పాడు. పంతుళ్ళ శిక్షణ మీద ఇంతకన్నా గట్టి సిద్ధాంతం ఇప్పటిదాకా ఏ యూజీసీ కాగితంలోనూ రాలేదు.

ఆ సిద్ధాంతానికి మన ఏజెన్సీలో కొంత చట్టబలం కూడా వుండేది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000లో జీవో నెంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అది బడి పంతుళ్ళ సంగతి, యూనివర్సిటీకి సంబంధం లేదనవచ్చు. బడిలో తన భాష మాట్లాడే పంతులు లేని పిల్ల కాలేజీ దాకా ఎట్ల వస్తుంది? వచ్చినా ఏ నోటితో ప్రశ్న అడుగుతుంది?

కీబోర్డు మీద మన భాష

భాష సంగతే తీసుకోండి. ఉట్నూర్ చుట్టూ గోండి, కొలామి, లంబాడి, మరాఠి, తెలుగు, ఉర్దూ అన్నీ మాట్లాడతారు. నార్నూర్ మండలం గుంజాలలో గోండులు సొంత లిపిలో రాసుకున్న రాతప్రతులు వున్నాయని 2006 తరవాత లోకానికి తెలిసింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని దళిత ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం ఆ లిపి మీద పనిచేసింది. 2018 జూన్‌లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అక్షరాలకు చోటు దొరికింది. దొరలు, పట్వారీలు ‘మీకు అక్షరమే లేదు’ అన్న జాతి అక్షరం కంప్యూటర్‌లో కూర్చున్నది. ఇంతకన్నా పెద్ద విజయం ఏముంటుంది?

ఆ విజయం ఉట్నూర్ క్లాసురూముకు ఎట్ల రావాలె? అక్కడ పాఠం చెప్పే లెక్చరర్‌కు ఆ లిపి కీబోర్డు మీద కొట్టడం ఎవరో నేర్పాలె. మాలవ్యా మిషన్ ఎనిమిది అంశాల్లో అది ఎక్కడున్నది? భారతీయ జ్ఞాన వ్యవస్థలు అనే అంశం ఒకటి వున్నది గదా. కిక్రీ వాయిస్తూ గోండుల వంశచరిత్రలు పాడే పర్ధాన్ల జ్ఞానం అందులోకి వస్తుందా? తోలు ఎట్ల పదును చెయ్యాలో, డప్పు ఎట్ల కట్టాలో తెలిసిన మాదిగల రసాయన శాస్త్రం వస్తుందా? వస్తే ఆ పర్ధాన్ ముసలాయనను, ఆ మాదిగ పెద్దమనిషిని పిలిచి రికార్డు చేసి పాఠం తయారు చెయ్యడం పంతుళ్ళకు నేర్పండి. అదీ సాంకేతికత. సంస్కృత శ్లోకాన్ని స్లైడు మీద వెయ్యడం సాంకేతికత కాదు.

గోండి దాకా ఎందుకు, తెలుగే దిక్కు లేకుండా వున్నది. ఇంగ్లీషు పుస్తకం ఫొటో తీసి గ్రూపులో పడేసి ‘మెటీరియల్ పెట్టిన’ అంటారు. చిన్న సెల్‌లో ఆ అక్షరాలు కనబడవు, కనబడ్డా అర్థం కావు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల దాన్ని ఏం చేసుకుంటుంది? ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. దానికి ఇంగ్లీషు వచ్చినంత తెలుగు రాదు, తెలుగు వచ్చినంత గోండి రాదు. ఎవరి రాతలు ఎక్కువ పోస్తే వాళ్ళ బుద్ధే దానికి వస్తుంది. కులం గురించి ఇన్నేళ్ళు రాసినోళ్ళు ఎవరో మనకు తెలుసు గదా. దాని జవాబును పరీక్షించడం, ప్రశ్నించడం నేర్పకుండా పంతులు చేతిలో పెడితే మనువును కంప్యూటర్‌లో పెట్టినట్టే.

పాఠం చెప్పేది ఒకరు, శిక్షణ ఇంకొకరికి

ఇంకా పెద్ద మోసం ఇంకొకటి వున్నది. తెలంగాణ యూనివర్సిటీల్లో మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఏళ్ళ తరబడి ఖాళీగా వుండిపోయాయి. మరి పాఠాలు చెబుతున్నదెవరు? కాంట్రాక్టోళ్ళు, పార్ట్‌టైమోళ్ళు, గంటల లెక్కన వచ్చే గెస్టు లెక్చరర్లు. వాళ్ళల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలు ఎంతమందో ఏ కాలేజీ స్టాఫ్ రూముకు పోయినా కనబడతారు. పీహెచ్‌డీ చేసి, నెట్ పాసై, గంటకింత అని తీసుకుని బతుకుతున్నారు. మన పిల్లల భాష తెలిసింది వాళ్ళకే, ఆకలి తెలిసింది వాళ్ళకే. ఫూలే చెప్పిన పంతుళ్ళు వాళ్ళే.

ఈ శిక్షణ వాళ్ళకు ఏమిస్తుంది? ప్రమోషనే లేని ఉద్యోగంలో ప్రమోషన్ కోర్సు ఎందుకు? గంటలెక్క మనిషి కోర్సులో కూర్చుంటే ఆ గంటల జీతం పోయినట్టే. ఉట్నూర్ నుంచి హైదరాబాద్ పోవాలంటే దగ్గరదగ్గర మూడొందల కిలోమీటర్లు. ఆన్‌లైన్‌లో చేద్దామంటే ల్యాప్‌టాప్ తన పైసలతో కొనుక్కోవాలె. అందుకని జీతం, సెలవు, ప్రమోషన్ వున్నాయన శిక్షణకు పోతాడు. ఆయన క్లాసులు కూడా కలిపి గెస్టు లెక్చరర్ నెత్తిన పడతాయి. సర్టిఫికెట్ ఒకరికి, చాకిరీ ఇంకొకరికి. ఊళ్ళో వెట్టి ఎట్ల నడిచిందో ఇదీ అట్లనే వున్నది.

ఏం అడగాలె?

ఊరికే తిట్టి ఊరుకుంటే లాభం లేదు. యూనివర్సిటీల ముందు, విద్యాశాఖ ముందు, ఉట్నూర్ ఐటీడీఏ ముందు మనం పెట్టవలసిన డిమాండ్లు ఇవి:

ఒకటి. ఈ డిజిటల్ శిక్షణ హైదరాబాద్‌లో, వరంగల్‌లో మాత్రమే కాదు, ఉట్నూర్ లాంటి చోట్ల కూడా పెట్టాలె. కరెంటు పోయే క్లాసురూములో, సిగ్నల్ రాని ఊళ్ళో ఎట్ల పాఠం చెప్పాలో ఆ క్లాసురూములోనే నేర్పాలె. ఏసీ హాలులో నేర్చుకున్నది అడవిలో అక్కరకు రాదు.

రెండు. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, గెస్టు లెక్చరర్లకు గంటల జీతం పోకుండా, దారి ఖర్చులిచ్చి శిక్షణ ఇవ్వాలె. పరికరాలు కాలేజీయే కొనివ్వాలె. ముందు ఖాళీ పోస్టులు రోస్టర్ ప్రకారం నింపాలె. శిక్షణ పోస్టుకు బదులు కాదు.

మూడు. సాంకేతికత పాఠం, కులవివక్ష పాఠం విడివిడిగా కాదు, కలిపి చెప్పాలె. కెమెరా బలవంతం, కులం గడి లిస్టులు, తెర మీది అవమానాలు – ఇవి శిక్షణలో భాగం కావాలె. విశ్వవిద్యాలయాల్లో వివక్షను అరికట్టడానికి యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం పోయేనాటికి ఆ నిబంధనలు కాగితం మీద వున్నాయి. కాగితం మీద వుంటే ఏమవుతుందో చూసినం.

నాలుగు. నెట్టు లేకున్నా పనిచేసే పాఠాలు తయారు చెయ్యడం నేర్పాలె. చిన్న ఆడియోలు, మెమరీ కార్డులో ఇచ్చే వీడియోలు, తెలుగు నోట్సు. కాలేజీలో ఒక కంప్యూటర్ గది సాయంత్రం దాకా పిల్లలకు తెరిచి వుంచాలె.

అయిదు. తెలుగు టైపింగ్ ప్రతి పంతులుకు తప్పనిసరి చెయ్యాలె. ఏజెన్సీ కాలేజీల్లో గోండి, కొలామి మాట్లాడేవాళ్ళను పాఠాల తయారీలో జీతమిచ్చి పెట్టుకోవాలె.

ఆరు. శిక్షణ ఫలించిందా లేదా అని తేల్చేది పంతులు కాదు, పిల్లలు. కోర్సు నుంచి వచ్చిన పంతులు క్లాసులో ఆరునెలల తరవాత మొదటి తరం విద్యార్థుల్ని, పేర్లు అడగకుండా, ‘నీకేం మారింది?’ అని అడగాలె. వాళ్ళు ‘ఏం మారలే’ అంటే ఆ సర్టిఫికెట్ చెల్లదు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఇందులో మార్లవాయిలో చెయ్యనిది ఎంత వున్నది? ఫూలే అడగనిది ఎంత వున్నది? ఉట్నూర్‌లో, ఆసిఫాబాద్‌లో, మంచిర్యాలలో, కరీంనగర్‌లో వున్న మన విద్యార్థి సంఘాలు, లెక్చరర్ సంఘాలు, దళిత ఆదివాసీ సంఘాలు ఈ ఆరింటి మీద కలిసి కూర్చోవాలె. కాలేజీకి ఒక ప్రశ్నాపత్రం తీసుకుపోవాలె: మీ దగ్గర శిక్షణ పొందిన పంతుళ్ళెవరు, అందులో మనోళ్ళెందరు, కొన్న యంత్రాలెన్ని, తాళం వేసి పెట్టినవెన్ని? సమాచార హక్కు చట్టం 2005 నుంచి చేతిలోనే వున్నది. ఒక దరఖాస్తుతో సగం నిజం బయటపడుతుంది.

కంప్యూటర్ కొత్త అగ్రహారం కావాలో, కొత్త వాడబడి కావాలో ఇంకా తేలలేదు. అది తేల్చేది యంత్రం కాదు, యూజీసీ కాదు. మనం ఎంత గట్టిగా అడుగుతామో దాన్నిబట్టి తేలుతుంది. మార్లవాయిలో బడి పెట్టించింది జోడేఘాట్. ఉట్నూర్ కాలేజీలో మన పిల్లల కోసం పాఠం చెప్పించేది కూడా పోరాటమే.

జై భీమ్! జై కొమురం భీం!